సరళ యంత్రములు: పొలములోను, హైటెక్ సిటీలోను

యంత్రమన్నంతనే డీజిలుతోనో, విద్యుచ్ఛక్తితోనో నడచునది మన తలంపునకు వచ్చును. కాని గడ్డపార కూడ యంత్రమే. బావి గిలక, ఎడ్లబండి చక్రము, కొడవలి అంచు, లారీకి ఆనించిన పలక, జాకీలోని మర, ఇవన్నియు యంత్రములే. మనిషి తన చేతి బలముతో ఎత్తజాలని బరువును ఎత్తుటకు, చీల్చజాలని దానిని చీల్చుటకు ఇవి తోడ్పడును. శాస్త్రజ్ఞులు వీనిని సరళ యంత్రములందురు. ఇవి ఆరు: మీట, చక్రము–ఇరుసు, గిలక, వాలుతలము, మేకు, మర. ఎంత పెద్ద యంత్రమును విప్పి చూచినను అందు పనిచేయునవి చాలవరకు ఈ ఆరే.

ఈ పాఠము పిల్లలు బడిలో చదువుకొందురు. పెద్దలు పొలములో దినమంతయు వీనితోనే పనిచేయుదురు. కాని చదివిన దానికిని చేసిన పనికిని పొందిక కుదిరిన చోట్లు తక్కువ. ఆ పొందిక తెలిసినచో నడుము నొప్పి తగ్గును, తూకములో మోసము బయటపడును, ట్రాక్టరు బోల్తాపడి ప్రాణము పోవుట తప్పును. కావున సరళ యంత్రములను గూర్చి రైతులును, గ్రామాధికారులును తెలిసికొనదగినది చాల ఉన్నది.

పల్లె నేలపై వెలసిన నగరము

హైదరాబాదునకు పడమటి దిక్కున మాదాపూరులో, 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్ అను పదియంతస్తుల భవనమును ప్రారంభించిరి. హైటెక్ సిటీకి అదియే నాంది. తరువాత కొండాపూరు, గచ్చిబౌలి, రాయదుర్గము, నానక్‌రామ్‌గూడ ప్రాంతములన్నియు ఆ నగరములో కలసినవి. అంతకు ముందు అవి బండరాళ్ల నడుమ పొలములు, చెరువులు, బావులు గల పల్లెలు. గచ్చిబౌలి పేరులోని బౌలి యనగా బావి. ఆ నేలపై నేడు అద్దాల మేడలు నిలిచినవి. ఐనను ఆ మేడలను కట్టిన క్రేనులోను, వానిలో జనులను పైకి చేర్చు లిఫ్టులోను ఉన్న సూత్రములు క్రొత్తవి కావు. ఏతములో, గిలకలో, గడ్డపారలో ఉన్నవే అవి. పల్లెలో ఏతము తొక్కిన తాతకు లిఫ్టు సంగతి సగము తెలిసినట్లే.

మొదట తెలియవలసిన నియమము

ఏ యంత్రమును ఉచితముగా పని చేసిపెట్టదు. బలములో మిగిల్చిన దానిని దూరములో చెల్లింపవలెను. పది కిలోల బలముతో వంద కిలోల బరువును ఎత్తవచ్చును. కాని బరువు ఒక అడుగు లేచుటకు మన చేయి పది అడుగులు కదలవలెను. పైగా రాపిడి వలన కొంత నష్టము కూడ ఉండును. కావున పెట్టిన పనికంటె ఎక్కువ పనినిచ్చు యంత్రము లోకములో లేదు. కరెంటు గాని, నూనె గాని, పశువు గాని లేకుండ దానంతటదే నిరంతరము నీరు తోడు పంపు అని ఎవరైనను అమ్మజూపినచో, ఈ నియమమును తలచుకొని డబ్బు చేతిలోనే ఉంచుకొనుట మంచిది.

మీట

గడ్డపారతో రాతిని పెకలించునప్పుడు కొసను రాతి క్రింద దూర్చి, మధ్యలో చిన్నరాతిని ఆనించి, పైకొసను క్రిందికి అదుముదుము. ఆ చిన్నరాయి ఆధారము. లేవవలసిన రాయి బరువు. మన అదుము బలము. బలమును ఆధారమునుండి దాని దూరముచే గుణించినచో, బరువును దాని దూరముచే గుణించిన దానికి సమానముగ నుండును. క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దమున గ్రీకు శాస్త్రజ్ఞుడు ఆర్కిమిడీసు ఈ సూత్రమును నిరూపించెను.

గడ్డపార పొడవు 150 సెంటీమీటర్లు అనుకొందము. ఆధారమును రాతివైపు కొసకు 15 సెంటీమీటర్ల దూరమున ఉంచినచో చేతివైపు 135 సెంటీమీటర్లు మిగులును. అనగా బలము తొమ్మిది రెట్లగును. 40 కిలోల అదుముతో 360 కిలోల రాయి కదలును. ఆధారమును 30 సెంటీమీటర్లకు జరిపినచో లాభము నాలుగు రెట్లే. కావున ఆధారమును బరువునకు ఎంత దగ్గరగా ఉంచిన అంత మేలు. ఐతే ఆధారపు రాయి మెత్తని నేలలో దిగబడకుండ అడుగున పలకను వేయవలెను. గడ్డపార జారినచో పైకొస ఎగిరి గడ్డమునకో, రొమ్మునకో తగులును. కావున దానిపైకి ముఖము వంచి అదుమరాదు.

మీటలు మూడు విధములు. గడ్డపార, కత్తెర, తరాజులలో ఆధారము మధ్యన ఉండును. అడకత్తెరలోను, ఒంటి చక్రపు తోపుడు బండిలోను బరువు మధ్యన ఉండును. చీపురు, గాలపు కర్రలలో బలము మధ్యన ఉండును. వీనిలో బలము కలిసిరాదు గాని వేగము కలిసివచ్చును.

రెండవ విధమును గూర్చి ఒక మాట ఎక్కువ చెప్పవలెను. పేడను, ఎరువును, మట్టిని గంపలకెత్తి తలపై మోయు పని మన పల్లెలలో ఎక్కువగా స్త్రీలపై పడుచున్నది. ఒంటి చక్రపు బండిలో 60 కిలోల ఎరువును వేసి, ఆ బరువు ఇరుసునకు 40 సెంటీమీటర్ల దూరమున, పిడులు 120 సెంటీమీటర్ల దూరమున ఉండునట్లు చూచినచో, చేతులపై పడునది 20 కిలోలే. మెడపై పడునది ఏమియు లేదు. అదే బరువును పిడులవైపు 60 సెంటీమీటర్లకు జరిపినచో చేతులపై 30 కిలోలు పడును. కావున బరువును ఎల్లప్పుడు చక్రమువైపునకే సర్దవలెను. ఇంటిలో ఎవరు గంప మోయుచున్నారో, బండి కొనుటకు ముందు వారినే తోసి చూడనిచ్చి పిడుల ఎత్తును నిర్ణయింపవలెను.

కాడిని సవరించుట

కాడియు మీటయే. రెండెడ్లలో ఒకటి బలహీనమైనచో దానిపై భారము తగ్గించుటకు వేరొక పనిముట్టు అక్కరలేదు. రెండు మెడల నడుమ దూరము 120 సెంటీమీటర్లు అనుకొందము. నాగటి పొడవు కర్రను సరిగా నడుమ కట్టినచో చెరి సగము లాగును. కట్టును బలమైన ఎద్దువైపు 10 సెంటీమీటర్లు జరిపినచో దూరములు 50, 70 అగును. అప్పుడు నూటికి 58 పాళ్లు బలమైన ఎద్దుపైనను, 42 పాళ్లు బలహీనమైన దానిపైనను పడును. అనుభవజ్ఞులైన రైతులు లెక్క వేయకయే ఇట్లు కట్టుదురు. పడుచు కోడెలకు పని నేర్పునప్పుడును ఈ సవరణ ఉపయోగించును.

తరాజు మోసము

తరాజు కూడ మీటయే. కడ్డీకి నడుమ ఆధారము. రెండు ప్రక్కల సమానమైన చేతులు. చేతులు సమానము కానిచో తూకము తప్పును. ఒక చేయి 50 సెంటీమీటర్లు, రెండవది 48 సెంటీమీటర్లు అనుకొందము. కొనువాడు సరుకును పొట్టి చేయివైపును, రాళ్లను పొడవు చేయివైపును పెట్టినచో 50 కిలోల సరుకు 48 కిలోలే తూగును. పది క్వింటాళ్లకు 40 కిలోలు పోయినట్లే. రాళ్లకు ముద్ర ఉండవచ్చును. తరాజు ఖాళీగా ఉన్నప్పుడు సమముగా కూడ నిలువవచ్చును. ఏలయన పొట్టి చేయివైపు పళ్లెమును కొంచెము బరువుగా చేసియుందురు.

దీనిని కనిపెట్టుట సులభము. ఒకసారి తూచిన పిమ్మట సరుకును రాళ్ల పళ్లెములోను, రాళ్లను సరుకు పళ్లెములోను మార్చి మరల తూచవలెను. రెండు తూకములును ఒకటైనచో తరాజు మంచిది. పై ఉదాహరణములో మొదట 48 కిలోలు తూగినది రెండవసారి 52 కిలోలకు పైగా తూగును. రెండింటి సగటు 50 కిలోలకు మిక్కిలి దగ్గరగా వచ్చును. అదియే నిజమైన బరువు.

నేడు ఎక్కువ చోట్ల ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చినవి. వీనిలో పొట్టి చేయి, పొడవు చేయి అను మోసమునకు తావు లేదు. కాని జాగ్రత్త మానరాదు. తూచుటకు ముందు అంకె సున్నవద్ద ఉన్నదా చూడవలెను. ముద్ర గల రాతిని మొదట ఒక మూలను, పిమ్మట నడుమను పెట్టి ఒకే బరువు చూపునా పరిశీలింపవలెను. 2009 నాటి తూనికలు కొలతల చట్టము క్రింద వ్యాపారులు వాడు కాటాలను అధికారులచే తనిఖీ చేయించి ముద్ర వేయింపవలెను. ఎలక్ట్రానిక్ కాటాలకు ఇది ఏటేట జరుగవలెను. మెహదీపట్నము, కూకట్‌పల్లి, ఎర్రగడ్డ రైతుబజారులకు కూరగాయలు తెచ్చు రైతు తాను అమ్మువాడు. తన కాటా సరిగా ఉండుట తన మాటకు విలువ తెచ్చును. టోకుగా అమ్మునప్పుడు అతడే తూకము వేయించుకొనువాడు. అప్పుడు ఈ పరీక్షలు అతని సొమ్మును కాపాడును.

ఏతము, లిఫ్టు

విద్యుత్ పంపులు వచ్చిన తరువాత ఏతము, మోట మన పొలములలో కనుమరుగైనవి. కాని వానిలోని తెలివి కనుమరుగు కాలేదు. ఏతపు దూలమునకు ఒక కొసను బాన, రెండవ కొసను బండరాయి కట్టుదురు. ఖాళీ బాన 8 కిలోలు, నిండిన బాన 40 కిలోలు అనుకొందము. రాయి లేనిచో నీటిని తోడువాడు ప్రతిసారి 40 కిలోలు ఎత్తవలెను. రెండవ కొసను 24 కిలోలకు సరితూగు రాతిని కట్టినచో నిండిన బానను పైకి తెచ్చుటకు 16 కిలోల బలమే చాలును. ఖాళీ బానను దింపునప్పుడు మాత్రము 16 కిలోల బలముతో క్రిందికి లాగవలెను. క్రిందికి లాగుట మనిషికి సులభము, శరీరపు బరువు సాయపడును. ఖాళీ, నిండు బానల బరువులకు సరిగా నడుమ ఉన్న రాతిని ఎన్నుకొనుటలోనే నేర్పు ఉన్నది.

సైబర్ టవర్స్ వంటి మేడలలో లిఫ్టును కూడ ఇట్లే చేయుదురు. గది ఒక ప్రక్క, ఇనుప దిమ్మెలు మరియొక ప్రక్క వ్రేలాడును. నడుమ ఉక్కు త్రాళ్లు పెద్ద గిలకపై నడచును. గది బరువు 1000 కిలోలు, అందు ఎక్కదగిన జనుల బరువు 800 కిలోలు అనుకొందము. దిమ్మెలను 1400 కిలోలుగా అమర్చినచో, గది నిండినప్పుడు మోటారుపై పడునది 400 కిలోలు. ఖాళీగా ఉన్నప్పుడును 400 కిలోలే. దిమ్మెలు లేనిచో అదే మోటారు 1800 కిలోలు ఎత్తవలసి వచ్చును. బావివద్ద బండరాయి చేసిన ఉపకారమే మేడలో ఇనుప దిమ్మె చేయుచున్నది.

మోటలో మరియొక యుక్తి ఉన్నది. ఎడ్లు బావినుండి వెలుపలికి నడచు బాటను క్రిందికి వాలుగా త్రవ్వుదురు. అందుచే నీరు పైకి వచ్చునప్పుడు ఎడ్ల బరువు కూడ త్రాటిని లాగును. గిలక, వాలుతలము రెండును అచ్చట కలసి పనిచేయును. హైటెక్ సిటీకి సమీపముననే ఉన్న గోలకొండ కోటకు దుర్గము చెరువు నీరు పోవుచుండెడిది. కోటలో ఆ నీటిని అంచెలంచెలుగా చక్రములతో పై తొట్లకు ఎక్కించెడివారు.

గిలక

బావిపై బిగించిన ఒంటి గిలక బలమును పెంచదు. దిక్కును మాత్రము మార్చును. పైకి లాగవలసిన దానిని క్రిందికి లాగనిచ్చును. బలము తగ్గవలెనన్న బరువుతోపాటు కదలు గిలక కూడ ఉండవలెను. బరువును ఎన్ని త్రాటి పేటలు మోయుచున్నవో అన్ని వంతులుగా భారము పంచుకొనబడును.

బోరుబావినుండి మోటారును, గొట్టములను పైకి తీయునప్పుడు మూడుకాళ్ల స్టాండునకు కప్పీలు కట్టుట మనము చూచుచుందుము. 240 కిలోల బరువును నాలుగు పేటలు మోసినచో పేటకు 60 కిలోలు. రాపిడి వలన 75 నుండి 80 కిలోల వరకు లాగవలసి వచ్చును. మోటారు ఒక మీటరు లేచుటకు నాలుగు మీటర్ల త్రాడు లాగవలెను. త్రాడు చివికినదేమో, కొక్కెము విచ్చుకొన్నదేమో ముందుగా చూడవలెను. గొట్టమునకు బిగింపు వేయకుండ త్రాటిని వదలరాదు. బరువు పైన వ్రేలాడుచుండగా దాని క్రింద ఎవరును నిలువరాదు.

క్రేను చెప్పు పాఠము, ట్రాక్టరు ప్రమాదము

హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతములలో మేడలు కట్టుచోట ఎత్తైన స్తంభముపై అడ్డముగా నిలిచిన క్రేనులు కనబడును. ఆ మేడల పనికి పాలమూరు జిల్లా పల్లెలనుండి వలస వచ్చిన కూలీలెందరో శ్రమపడిరి. ఆ క్రేను ఒక పెద్ద తరాజు వంటిది. పొడవు చేతికి బరువు కట్టుదురు. పొట్టి చేతికి కాంక్రీటు దిమ్మెలు తగిలింతురు. బరువు స్తంభమునకు దూరమైనకొలది ఎత్తదగినది తగ్గును. 10 మీటర్ల దూరమున 8 టన్నులు ఎత్తునది 40 మీటర్ల దూరమున లెక్క ప్రకారము 2 టన్నులకు మించి ఎత్తరాదు. ఈ లెక్క మీరినచో క్రేను పడిపోవును. అందుకే ఏ దూరమున ఎంత ఎత్తవచ్చునో పట్టిక వ్రాసి ఉంతురు.

రైతు నడుపు ట్రాక్టరు కూడ ఇట్టి మీటయే. దానికి వెనుక ఇరుసు ఆధారము. ముందు భాగపు బరువు ట్రాక్టరును నేలపై నిలుపును. వెనుక లాగు బరువు దానిని వెనుకకు తిప్పజూచును. గొలుసును క్రింద నున్న లాగుడు కడ్డీకి కట్టినచో ఈ తిప్పుడు తక్కువ. ఇరుసునకు గాని, దానికి పైన నున్న బిగింపునకు గాని కట్టినచో ముందు చక్రములు లేచి రెప్పపాటున ట్రాక్టరు వెనుకకు తిరుగబడును. నడుపువానికి దూకుటకు కూడ వ్యవధి ఉండదు. మన పల్లెలలో ట్రాక్టరు క్రిందపడి మరణించినవారు లేని ప్రాంతము అరుదు. కావున ఈ క్రింది జాగ్రత్తలను ఇంటిలో ట్రాక్టరు నడుపు ప్రతివానికిని చెప్పవలెను.

1. మొద్దును గాని, చెట్టును గాని, దిగబడిన బండిని గాని లాగునప్పుడు గొలుసును లాగుడు కడ్డీకే కట్టవలెను. పైన కట్టరాదు.

2. వెనుక చక్రములు బురదలో దిగినప్పుడు వానికి అడ్డముగా కర్రదుంగను కట్టి ముందుకు నడపరాదు. చక్రములు తిరుగజాలక ట్రాక్టరు శరీరమే వాని చుట్టు తిరిగి బోల్తాపడును. బురదను త్రవ్వి, వెనుకకు నడిపి, లేదా మరియొక ట్రాక్టరుతో లాగించి తీయవలెను.

3. నిటారైన గట్టు ఎక్కవలసి వచ్చినచో వెనుకకు నడుపుచు ఎక్కుట మేలు. దిగునప్పుడు తక్కువ గేరులో దిగవలెను.

4. బరువైన పనిముట్టు వెనుక తగిలించినప్పుడు ముందు భాగమున దిమ్మెలు కట్టవలెను.

5. క్లచ్చిని ఒక్కసారిగా వదలరాదు.

6. చక్రముపై కప్పుమీద పిల్లలను కూర్చుండబెట్టరాదు.

వాలుతలము

బరువును నిటారుగా ఎత్తుటకంటె వాలుగా నెట్టుట సులభము. లారీ తొట్టి ఎత్తు 1.2 మీటర్లు అనుకొందము. 200 కిలోల పీపాను నిటారుగ ఎత్తుటకు నలుగురైదుగురు కావలెను. 3.6 మీటర్ల పలకను ఆనించి దొర్లించినచో లెక్కకు మూడవ వంతు, అనగా సుమారు 67 కిలోల బలము చాలును. ఇద్దరు మనుషులు ఆ పని చేయగలరు. పలక జారకుండ కొసను కట్టవలెను. పీపాకు దిగువ ఎవరును నిలువరాదు.

హైటెక్ సిటీలోని వంతెనలపై రోడ్డును ఒక్కసారిగా లేపక దూరమునుండియే మెల్లగా లేపుట ఈ సూత్రము వలననే. చక్రాల కుర్చీలో వచ్చువారి కొరకు వేయు వాలుబాటను ఒక అడుగు ఎత్తునకు పన్నెండు అడుగుల పొడవున వేయవలెనని నియమము. గ్రామ పంచాయతీ కార్యాలయము, బడి, రైతువేదిక వీని అరుగు ఎత్తు 60 సెంటీమీటర్లైనచో బాట 7.2 మీటర్లు ఉండవలెను. పొడవు తగ్గించి వేసినది బాటయని పేరు తెచ్చుకొనునే గాని, ముసలివారికిని, అంగవైకల్యము గలవారికిని ఉపయోగపడదు. గ్రామాధికారులు టేపు పట్టి కొలిచియే పనిని ఒప్పుకొనవలెను.

మేకు

ముందు పలుచగను, వెనుక మందముగను ఉన్నది మేకు. గొడ్డలి, ఉలి, కొడవలి, నాగటి కర్రు అన్నియు ఈ జాతివే. పొడవు 20 సెంటీమీటర్లు, మందము 4 సెంటీమీటర్లు గల మేకు దెబ్బ బలమును లెక్కకు అయిదింతలు చేసి ప్రక్కలకు నెట్టును. మేకు ఎంత పలుచన ఐన అంత లాభము.

హైదరాబాదు చుట్టునున్న నల్లరాతి బండలను వడ్డెరలు తరతరములుగా ఇట్లే చీల్చిరి. బండపై వరుసగా రంధ్రములు తొలిచి, వానిలో ఇనుప మేకులు నిలిపి, ఒకదాని వెనుక ఒకటిగా సమానముగా కొట్టుచు పోవుదురు. ఒక్క మేకునే గట్టిగా కొట్టినచో బండ వంకరగా పగులును. వరుసగా కొట్టినచో గీత గీసినట్లు చీలును. తొందరకంటె క్రమము మేలని ఆ పని చూపును. రాయి కొట్టునప్పుడు పెళ్లలు కంటిలో పడకుండ అద్దాలు ధరింపవలెను.

మొండి కొడవలితో కోయువాడు రెండింతలు శ్రమపడును. కోతకు పోవుటకు ముందు సానబట్టుటకు పట్టు వ్యవధి పోయిన వ్యవధి కాదు.

చక్రము, మర

ఇసుర్రాతి పిడిని అంచున అమర్చుట, గానుగకు పొడవైన దూలము కట్టుట ఒకే కారణము వలన. నడుమకు ఎంత దూరమున తిప్పిన అంత తేలిక. బండి చక్రము పెద్దదైనకొలది గుంటలను సులభముగ దాటును. ఇరుసునకు కందెన లేనిచో లాభములో పెద్ద భాగమును రాపిడి తినివేయును; ఆ నష్టమును ఎద్దు మెడ భరించును. చేతితో తిప్పు చొప్పకోత యంత్రపు చక్రము బరువైనది. చేయి తీసిన తరువాత కూడ కొంతసేపు తిరుగును. పని ముగిసినంతనే దానికి గొలుసు వేసి బంధింపవలెను. పిల్లల వ్రేళ్లు పోయిన ఇండ్లలో ఈ చిన్న గొలుసు విలువ తెలియును.

మర యనగా కడ్డీ చుట్టు చుట్టిన వాలుతలమే. కాగితమును ఏటవాలుగా కత్తిరించి పెన్సిలుకు చుట్టి చూచినచో ఇది తెలియును. జాకీ పిడి 30 సెంటీమీటర్లు ఉన్నచో ఒక చుట్టునకు చేయి సుమారు 188 సెంటీమీటర్లు తిరుగును. మర 6 మిల్లీమీటర్లు లేచును. లెక్కకు బలము మూడు వందల రెట్లు దాటును. రాపిడి పోగా మూడవ వంతు మిగిలినను, 10 కిలోల బలముతో ఒక టన్ను లేచును. ఇచ్చట రాపిడి మనకు మేలు కూడ చేయును. పిడి వదలినను జాకీ క్రిందికి దిగకుండ ఆపును. ఐనను జాకీని మాత్రమే నమ్మి బండి క్రింద దూరరాదు. మొద్దులు పేర్చిన పిమ్మటనే దూరవలెను.

పిల్లలకు మూడు పరీక్షలు

1. అడుగు బద్దను నడుమ పెన్సిలుపై నిలిపి, ఒక ప్రక్క 5 సెంటీమీటర్ల దూరమున రెండు నాణెములు ఉంచుడు. రెండవ ప్రక్క అట్టి నాణెము ఒక్కటియే ఉంచి ఎచ్చట సమమగునో చూడుడు. సుమారు ఆధారమునుండి 5 సెంటీమీటర్ల వద్ద రెండు నాణెములను ఉంచినచో ఒక్క నాణెము 10 వద్ద నిలుచును.

2. సంచిలో ఇటుకను కట్టి, దానిని స్ప్రింగు కాటాతో ఒకసారి నిటారుగా ఎత్తుడు. మరియొకసారి దొర్లు బండిపై ఉంచి వాలుపలకపై లాగుడు. అంకెలను పోల్చుడు.

3. తలుపు అంచున ఒక వ్రేలితో నెట్టుడు. తరువాత బందు దగ్గర అదే వ్రేలితో నెట్టుడు. పిడిని అంచునే ఎందుకు బిగింతురో పిల్లవాడే చెప్పును.

హైదరాబాదునకు విహారయాత్రగా పిల్లలను తీసికొనిపోవు ఉపాధ్యాయులు మాదాపూరులోని శిల్పారామమును చూపవలెను. 1992లో ఏర్పడిన ఆ స్థలమున కుమ్మరి, కమ్మరి, వడ్రంగి మున్నగువారి జీవనమును చూపు గ్రామీణ ప్రదర్శనశాల కలదు. అచ్చట కుమ్మరి చక్రమును చూచి, ఆవల రోడ్డునకు వచ్చి సైబర్ టవర్స్ లిఫ్టును, మెట్రో స్టేషనులో కదలు మెట్లను చూపినచో, ఆరు యంత్రములును ఒక్క పూటలో కన్నుల ఎదుట నిలుచును. రాజేంద్రనగరులోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ వారి గ్రామీణ సాంకేతిక పార్కు కూడ చూడదగినదే.

గ్రామములో చేయదగినవి

రైతువేదికలో ఒక దినము ఈ విషయమునకే కేటాయింపవచ్చును. ముద్ర గల రాళ్ల జత ఒకటి ఊరిలో అందరికి అందుబాటున ఉన్నచో ప్రతి కాటాను పరీక్షించుకొనవచ్చును. ఒంటి చక్రపు బండ్లు నాలుగు, చైను కప్పీ ఒకటి ఉమ్మడిగా కొనిపెట్టుకొన్నచో అందరి నడుములు నిలుచును. ట్రాక్టరు నడుపు యువకులకు గొలుసు ఎచ్చట కట్టవలెనో పొలములోనే చూపవలెను. కాగితముపై చూచినది మరపునకు వచ్చును, చేతితో కట్టినది రాదు.

కోట్ల రూపాయల క్రేనుకును, వడ్రంగి చేసిన కాడికిని లెక్క ఒక్కటే. క్రేను నడుపువాడు పట్టికను చూడనిదే బరువు ఎత్తడు. మన రైతు కూడ గొలుసు కట్టుటకు ముందు, బస్తా ఎత్తుటకు ముందు, తూకము ఒప్పుకొనుటకు ముందు ఆధారము ఎచ్చట, బరువు ఎచ్చట, బలము ఎచ్చట అని ఒక్క క్షణము ఆలోచించినచో చాలును. ఆ క్షణమునకు ఖర్చు లేదు.